'ఖర్చేముందిరా' అన్నది నేనే: వైజాగ్ పాత బళ్ల వాళ్లకు ఒక బహిరంగ లేఖ

అన్నలకీ తమ్ముళ్లకీ,

ఆదివారం పొద్దున్నే తెన్నేటి పార్కు దగ్గర బళ్లు వరసగా స్టాండేసి, టీ తాగుతూ, ఒకడి సైలెన్సర్ ఇంకొకడు వంగి చూస్తూ గంటలు గడిపేసే మనందరికీ ఈ ఉత్తరం. మన వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు కదా అంటారేమో. పెడితే నలభై బొటనవేళ్లు వస్తాయి, మధ్యాహ్నానికి ఎవరో బుల్లెట్ ట్యాంకు అమ్మకానికి పెడతారు, ఇది కాస్తా పైకి వెళ్లిపోతుంది. అందుకే నలుగురూ చదివేలా బయట రాస్తున్నాను.

విషయం మా ఎదురింటి కుర్రాడిది. ఇరవై మూడేళ్లు, రుషికొండ కొండమీద ఐటీ ఉద్యోగం, మొదటి ఏడాది జీతం. మన బళ్లు చూసీ చూసీ వాడికి యమహా ఆర్‌ఎక్స్ 100 పిచ్చి పట్టింది. నాలుగు నెలల కిందట పక్క జిల్లాలో పాత బళ్లు అమ్మే ఒకాయన వీడియో చూపించి, "బాబాయ్, ఒకసారి రావా, నువ్వు చూస్తే ధైర్యం" అన్నాడు. వెళ్లాను. బండి నిగనిగలాడుతోంది, ట్యాంకు మీద గీత లేదు. ఒక్క కిక్కుకి లేచింది. ఆ శబ్దం మీకు చెప్పాలా! నేను కళ్లు మూసుకుని రెండుసార్లు రేజ్ చేసి, ఏదో సంగీత కచేరీ విన్నవాడిలా తలాడించి, "తీసుకోరా, ఇంజిన్ మీద ఇంకా చెయ్యి పడలేదు" అన్నాను. 1,40,000 రూపాయలు. అందులో 60,000 అప్పు. డబ్బు లెక్కపెడుతూ వాడు ఒక్క మాట అడిగాడు: "తర్వాత ఖర్చులేం ఉంటాయి బాబాయ్?"

"ఖర్చేముందిరా, పెట్రోలు, ఆయిలు, అంతే" అన్నాను. పన్నెండేళ్లుగా మా నాన్న పాత 250 సీసీ యెజ్డి మోటార్‌సైకిల్ నడుపుతున్నవాణ్ణి, ఆ మాట ఎలా అన్నానో నాకే తెలీదు.

పేరు మార్పించుకోవడానికి ఆర్టీఓ ఆఫీసుకి బండి తీసుకెళ్లిన రోజు నేనూ కూడా ఉన్నాను. బ్రేకిన్‌స్పెక్టరు బండి శబ్దం వినలేదు, రంగు చూడలేదు. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పించి, మెడ దగ్గర ఛాసిస్ నంబర్ మీద బొటనవేలు పెట్టి మెల్లగా రుద్దాడు. ఆ తర్వాత అక్కడ ఒక పల్చటి కాగితం అంటించి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటే పైకి లేచాయి. చివరి నాలుగు అంకెలు మిగతావాటికన్నా లోతుగా ఉన్నాయి, కాస్త వాలి ఉన్నాయి, ఒక 3 వెనకాల 8 నీడలా కనపడుతోంది. ఎక్కడో తుక్కుకి వెళ్లిపోయిన బండి సీ బుక్కు పట్టుకుని, దాని నంబరు ఇంకో బండి మీద కొట్టారన్నమాట. "ఇది అవదు బాబూ, ఎక్కడ కొన్నారో అక్కడికే వెళ్లండి" అన్నాడాయన, కాగితం మడిచి మా కుర్రాడి చేతిలో పెట్టి. వాడు ఆ కాగితం వంక చూడలేదు, నా వంక చూశాడు.

హ్యాండిల్ తిప్పి చూడ్డానికి నాకు ఎంతసేపు పట్టేది? రెండు సెకన్లు.

అమ్మినాయన ఫోనెత్తడం లేదు. బండి మా వీధిలోనే కవరు కింద ఉంది. నడపలేడు, అమ్మలేడు, అసలు అది ఎవరింట్లో పోయిన బండో అన్న భయం ఒకటి. నెలనెలా వాయిదా మాత్రం కట్టాలి. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఇబ్బందిగా ఉంది. వాళ్లమ్మగారు మాత్రం ఒకరోజు మా ఆవిడతో, "మీ ఆయన చూశాడని కదా ధైర్యంగా ఇచ్చాం" అన్నారట.

ఆ రోజు నుంచీ నేను మన ఆదివారాల గురించే ఆలోచిస్తున్నాను. మనం చుట్టూ చేరిన కుర్రాళ్లకి ఏం చెబుతాం? సగం కథ చెబుతాం. నేను మరీను. నా హుద్‌హుద్ కథ మీలో వినని వాళ్లు లేరు. 2014 అక్టోబరు 12, ఊరంతా ఊగిపోయింది, మా షెడ్డు రేకు లేచిపోయింది, వేపకొమ్మ విరిగి బండి మీద పడింది. మూడో రోజు కొమ్మ తీసి, ప్లగ్గు విప్పి తుడిచి బిగిస్తే మూడో కిక్కుకి యెజ్డి లేచింది, పక్కింటాయన సెల్ఫ్ స్టార్ట్ బండి మూలుగుతూ ఉండిపోయింది, నేను దర్జాగా డాబాగార్డెన్స్ దాకా పోయి మా అమ్మకి బీపీ మాత్రలు తెచ్చాను. ఇదీ నేను చెప్పే కథ, ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. చెప్పనిది ఏమిటంటే, గేర్‌బాక్సులోకి వాన నీళ్లు వెళ్లాయి, నేను ఆయిల్ దించి చూడకుండా నెల రోజులు తిప్పాను, దించేసరికి అది పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. సంక్రాంతికి బేరింగులు కేకలు మొదలెట్టాయి. కంచరపాలెంలో మా ముసలి మెకానిక్ గేర్‌బాక్సు తెరిచి, "ఏటి బాబూ ఇది, టీ కొట్టు ఎట్టినావేటి లోపల" అన్నాడు. 14,000 అయింది. కథలో ఆ సంక్రాంతిని నేను ఎప్పుడూ కలపలేదు.

మా ఆవిడకి మాత్రం అన్నీ తెలుసు. బండి నా చేతికి వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరిదో పాత స్కూల్ నోట్‌బుక్కు ఒకటి సగం ఖాళీగా మిగిలిపోతే అది నా చేతిలో పెట్టి, "దీనికి పెట్టే ప్రతి రూపాయీ ఇందులో రాయి, నన్ను అడక్కు" అంది. రాశాను. మొదటి సగం నాలుగో తరగతి ఎక్కాలు, రెండో సగం నా యెజ్డి. మొన్న మొదటిసారి కూర్చుని మొత్తం కూడాను. రీబోరు, ఓవర్‌సైజు పిస్టను, రింగులు కలిపి 6,500. క్రాంక్ విప్పి కాన్‌రాడ్ కిట్టు, బేరింగులు, ఆయిల్ సీళ్లు 11,200. ఇది రెండుసార్లు, ఎందుకంటే మొదటిసారి వేసిన లోకల్ సీళ్లు ఏడాదిన్నరకే గట్టిపడి గాలి లాగాయి. రంగు 12,000. రెండు సైలెన్సర్లు, రిమ్ములు, హ్యాండిలుకి క్రోమ్ ప్లేటింగ్ 18,000, అదీ రెండుసార్లు. కార్బరేటర్ల మీద పెట్టింది విడిగా కూడలేదు, ధైర్యం చాల్లేదు. మొత్తం 12 ఏళ్లకి 2,16,000 దాటింది. బండి తిరిగింది సుమారు 9,000 కిలోమీటర్లు. అంటే పెట్రోలు కాకుండానే కిలోమీటరుకి 24 రూపాయలు. ఆటోలో తిరిగినా ఇంతవదు, పైగా ఆటోవాడు ఎక్కడా ఆగిపోయి మనచేత తోయించడు.

పెట్రోలు సంగతికొస్తే, లీటరు 108 పైమాటే, నా బండి లీటరుకి 28 ఇస్తే ఆ రోజు పండగ, లీటరుకి 40 మిల్లీలీటర్ల టూటీ (టూస్ట్రోక్) ఆయిలు కలపాలి. అన్నీ కలిపి ఇంకో నాలుగున్నర రూపాయలు. మా నాన్న ఈ బండి 1979లో పదివేల లోపు ఇచ్చి కొన్నాడు.

క్రోమ్ రెండుసార్లు ఎందుకు అని అడిగే వాళ్లు వైజాగ్‌లో ఉండరు. ఈ ఊళ్లో గాలే ఉప్పగా ఉంటుంది, పెదవాల్తేరు వైపు ఇళ్లల్లో కిటికీ ఊచలకి ఏటా రంగు వేయాల్సిందే. మనం నిలబడి టీ తాగే చోటే చూడండి. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మధ్య చిక్కుకుపోయిన ఆ బంగ్లాదేశ్ ఓడ, 'ఎం.వి.మా', మన కళ్ల ముందే ఎలా ఎర్రబడుతూ వచ్చిందో. అంత మందాన ఇనుమే అలా అయిపోతే, రాగి మీద నికెలు, నికెలు మీద క్రోమ్ అంటూ వెంట్రుకంత పూత పెట్టుకున్న మన సైలెన్సర్లు ఎంత? ఆదివారం బీచి రోడ్డులో తిరిగొచ్చి బండిని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవకపోతే మూడు నెలల్లో ఊచల కింద ఎర్రటి పొడి రాలుతుంది. హైదరాబాద్‌లో అదే బండి అదే ప్లేటింగ్‌తో పదేళ్లు మెరుస్తుంది. వీడియో చూసి హైదరాబాద్ నుంచి తెచ్చుకునే మన కుర్రాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

ఇక సామాను. మైసూరులో యెజ్డి తయారుచేసిన ఐడియల్ జావా మూతపడింది 1996లో. ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయిందీ అదే ఏడాది. అంటే ఇప్పుడు దొరికే ప్రతి 'కంపెనీ సామానూ' ముప్పై ఏళ్ల కిందట పెట్టెలో పెట్టింది, లేదా నిన్న పొద్దున్న ఎక్కడో లేత్ మీద తిప్పి పాత పెట్టెలో పెట్టింది. రెండింటికీ తేడా బిగించాక గానీ తెలీదు. రబ్బరు సామాను అయితే నిజంగా పాత స్టాకు అయినా లాభం లేదు, అది పెట్టెలోనే ముసలిదైపోయి ఉంటుంది. నేను కోరమండల్ రైలెక్కి పాత సామాను దొరికే చెన్నై పుదుపేటకి మూడుసార్లు వెళ్లాను, ఒకసారి ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి పార్సిల్ తెప్పించాను. పుదుపేట నుంచి తెచ్చిన నాలుగింటిలో రెండు పనికొచ్చాయి. టికెట్లూ భోజనాలూ నోట్‌బుక్కులో రాయలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, నిజమే, రాయలేదు.

బుల్లెట్ వాళ్లు నవ్వుకుంటూ ఉంటారు ఇది చదువుతూ. నవ్వండి. 1955 నుంచి మద్రాసులో ఆగకుండా తయారవుతూ వచ్చిన బండి మీది, మీకు పాత సామాను కాకపోయినా దగ్గరి చుట్టమైనా దొరుకుతుంది. అయినా కుడికాలి గేర్ల పాత బండి కొని, ప్లగ్గుకి నిప్పు అందించే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్టు, ముందు డిస్కు, అల్లాయ్ చక్రాలు వేయించి, ఆనక 'అసలు రూపం' కావాలని మళ్లీ అన్నీ వెతుక్కుంటున్న వాళ్లు మీలో ఎంతమంది? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అన్నట్టు, రీస్టోర్ చేయిస్తామని మంచి బళ్లని పాడుచేసుకున్న కేసులు నేనే అరడజను చూశాను.

కాగితాల ఖర్చు చిన్నదే అయినా చెప్పి తీరాలి. పదిహేనేళ్లు దాటితే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. నేను 2019లో కట్టిన ఫీజు 300, 2024లో 1,000, ఇప్పుడు 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిలుకి 2,000 చేశారు. దానిమీద హరిత పన్ను విడిగా. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నా 250కి ఏడాదికి 1,366, జీఎస్టీ కలిస్తే 1,600 చిల్లర, ఆర్‌ఎక్స్ లాంటి చిన్నదానికి 714 ప్లస్ జీఎస్టీ. బండి పోతే డబ్బొచ్చే ఇన్సూరెన్సా? ఐదేళ్లు దాటిన బండికి విలువ మనమూ కంపెనీ మాట్లాడుకుని పెట్టుకోవాలి. నా యెజ్డికి వాళ్లు చెప్పిన విలువ వింటే మా నాన్న ఫొటో గోడ మీంచి దిగి వచ్చేస్తాడు.

ఇంకో తమాషా ఉంది. మనం నోరారా 'వింటేజ్' అంటున్నాం గానీ, కేంద్రం 2021లో పెట్టిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఛాసిస్సూ ఇంజిన్నూ మార్చకుండా ఉంచినవే వింటేజ్. కొత్తగా అలా రిజిస్టర్ చేయిస్తే 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, ముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. కానీ దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి, అంతే. ఆ లెక్కన మన వరసలో నిలబడే బళ్లల్లో వింటేజ్ అయ్యేవి రెండో మూడో, అవి కూడా ఆరోజు టీకి రాకూడదేమో! నా యెజ్డికి 2029లో యాభై నిండుతాయి, సరిగ్గా అదే ఏడాది రిజిస్ట్రేషన్ పొడిగింపు కూడా పడుతుంది. మామూలుగా పొడిగించి నడుపుకోవాలా, గౌరవంగా వింటేజ్ చేయించి ఇంట్లో కూర్చోబెట్టాలా? నేనైతే నడుపుకుంటాను. నడవని బండికి నేను నోట్‌బుక్కు రాయలేను.

పెట్రోలు గురించి ఇంకొక్క మాట. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి గాల్లో తేమ పీల్చే గుణం ఉంది, వైజాగ్ గాలి సంగతి చెప్పనే చెప్పాను. బండి నెలా రెండు నెలలు కదలకుండా ఉంటే ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు పైపులు, ట్యాపులోని బిరడా వాషర్లు దీనికోసం చేసినవి కావు. నా ట్యాంకు ఒకసారి వెనిగర్ పోసి, గుప్పెడు నట్లు బోల్టులు వేసి, నేనూ మా అమ్మాయీ చెరో పక్కా పట్టుకుని పాలు చిలికినట్టు గంటసేపు ఊపాం. బయటికొచ్చిన నీళ్లు చింతపండు పులుసులా ఉన్నాయి. అప్పుడది నవ్వులాటగానే ఉంది, రెండోసారి చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

పొగ సంగతి కూడా దాచొద్దు. టూస్ట్రోక్ బండి ఆయిల్ తాగి ఆయిల్ కక్కుతుంది, కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్లోకే పోతుంది, దాని పుట్టుకే అంత. ఈ ఊరు పీల్చే ధూళి ఎలాగూ ఉంది. "మా ఒక్క బండి వల్ల ఏమవుతుంది" అనే మాట నేనూ అన్నాను. సిగ్నల్ దగ్గర నా వెనక ఆగిన స్కూటర్ మీద ఒకావిడ చీర కొంగు తీసి వెనకాల కూర్చున్న పిల్లాడి ముక్కుకి అడ్డం పెట్టింది. అద్దంలో కనబడింది. అప్పటినుంచి ఆఫీసుకి నేను మామూలు స్కూటర్ మీదే వెళుతున్నాను, యెజ్డి ఆదివారానికి.

ఇంత చెప్పాక మరి ఎందుకు ఉంచుకున్నావ్ అంటారు. మా ఆవిడ కూడా అదే అంటుంది, కాస్త గట్టిగా.

మా నాన్న బీహెచ్‌పీవీ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి రాత్రి వచ్చేవాడు, మలుపులో శబ్దం వినబడగానే మా అమ్మ లేచి చారు వేడి చేసేది. ఇది చెప్పుకుని మురిసిపోను, మనలో ప్రతివాడికీ ఒక నాన్న, ఒక మలుపు, ఒక శబ్దం ఉన్నాయి. నన్ను పట్టుకున్నది అది కాదు, లేదా అది ఒక్కటే కాదు. ఈ బండి నాకు అర్థమవుతుంది. ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతే నాకు అర్థం కాదు, ఫోన్ ఆగిపోతే అసలే కాదు, మా ఆఫీసులో కొత్తగా పెట్టిన సిస్టమ్ నాకు జన్మలో అర్థం కాదు. యెజ్డి ఆగిపోతే మాత్రం రోడ్డు పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడుగుతాను. పెట్రోలు వస్తోందా? నిప్పు ఉందా? గాలి ఎక్కడైనా లాగుతోందా? ఇంతకుమించి ప్రశ్నలు లేవు. ప్లగ్గు విప్పితే జవాబు దాని మొహం మీదే ఉంటుంది: మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ, సరిగ్గా ఉంటే... "కాఫీ పొడి రంగు నాన్నా" అని మా అమ్మాయి చెబుతుంది. పధ్నాలుగేళ్లు దానికి. పాయింట్ల మధ్య విజిటింగ్ కార్డు మందాన సందు ఉండాలని, ఆ కార్డు అటూ ఇటూ లాగితే కాస్త పట్టి వదలాలని దానికి తెలుసు. ఆదివారం సాయంత్రం అది టార్చి పట్టుకుంటుంది, నేను సన్నటి గరుకు కాగితం పెట్టి పాయింట్లు రుద్దుతాను, ఆ పది నిమిషాల్లో అది తన స్కూల్ సంగతులు చెప్పినన్ని వారమంతా చెప్పదు. దీనికి నోట్‌బుక్కులో గడి లేదు.

ఆ తర్వాత ట్యాపు తిప్పి, కార్బరేటర్ టిక్లర్ (పెట్రోలు పొంగించే బొత్తాం) నొక్కి పట్టుకుంటే వేలికి చల్లగా పెట్రోలు తగులుతుంది. తాళం వేయకుండా రెండు నెమ్మది కిక్కులు. మేకులాంటి ఆ తాళం చెవి గుచ్చి, ఒక్కటి గట్టిగా. లేస్తే, కిక్కు కొట్టిన ఆ రాడ్డునే మడిచి గేరు రాడ్డు చేసుకుని బయల్దేరడం, అలాంటి ఏర్పాటు ఆలోచించినవాడు ఎవడోగానీ వాడికి దండం పెట్టాలి. రాత్రయితే ఆరు వోల్టుల లైటు ఆముదం దీపంలా ఉంటుంది, దానికీ దండమే.

చూపించుకోవాలన్న యావ కూడా ఉందనుకోండి, ఒప్పేసుకుందాం. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆటోవాడు తల బయటికి పెట్టి "ఏ మోడల్ సార్" అంటే ఆ రోజంతా నేను ఒక అంగుళం ఎత్తు పెరుగుతాను. మీరు పెరగరా?

నాకు నచ్చనిది వేరే. ఈమధ్య మనలో కొందరు దీన్ని బంగారంలా మాట్లాడుతున్నారు, "కొని పెట్టుకో తమ్ముడూ, రెండేళ్లలో డబుల్" అని. రాజ్‌దూత్ 350ని ఉదాహరణగా చూపిస్తారు. అవును, 1983లో వచ్చినప్పుడు మైలేజీ ఇవ్వదని, ఖరీదు ఎక్కువని జనం మొహం చాటేస్తే ఆ దశాబ్దం తిరక్కుండానే అది ఆగిపోయింది, ఇప్పుడు లక్షలు పలుకుతోంది. కానీ అప్పుడు కొన్నవాడు డబుల్ అవుతుందని కొనలేదు, పిచ్చెక్కి కొన్నాడు. పోనీ అమ్మి లాభం చేసుకున్నవాడు మధ్యలో ఎంత పెట్టాడో చెబుతాడా? చెప్పడు, వాడి దగ్గర నోట్‌బుక్కు లేదు. ఈ 'డబుల్' మాటలు పెరిగే కొద్దీ ఏం జరుగుతోందో మా వీధిలో కవరు కింద ఉంది చూడండి. పదిహేను వేల బండికి ఎవడూ నంబరు కొట్టడు, లక్షన్నర పలికితే కొడతాడు. యమహాలోనే వేరే మోడలైన ఆర్‌ఎక్స్‌జీకి పక్క రేకులు మార్చి ఆర్‌ఎక్స్ 100 అని అమ్ముతాడు. ఆ ధర పెంచిందాంట్లో మన ఆదివారాలూ, మన వీడియోలూ, "తీసుకోరా" అన్న నా నోరూ ఉన్నాయి.

అందుకని నేను అడిగేది ఇది. ఎవరైనా కుర్రాడు మన దగ్గరికొచ్చి ఎంతవుతుందన్నా అని అడిగితే బండి ధర చెప్పి ఆగకండి. మొదటి ఏడాది దానిమీద ఇంకో సగం పెట్టగలవా, నెలకి రెండు ఆదివారాలు చేతులకి గ్రీజు పూసుకోగలవా, ఇంట్లో రెండో బండి ఉందా, ఇవి అడగండి. మనమెవరం బండి చూడ్డానికి వెళ్లినా కిక్కు కొట్టే ముందు హ్యాండిలు తిప్పుదాం. టార్చి, కాగితం, పెన్సిలు జేబులో పెట్టుకుందాం. ఇంజిన్ నంబరూ ఛాసిస్ నంబరూ సీ బుక్కుతో కలవాలి, రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబరు కొడితే వచ్చే పేరూ అమ్మేవాడి ఆధార్ మీద పేరూ ఒకటవ్వాలి, వేరే రాష్ట్రం బండైతే అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ ఉండాలి. అమ్మేవాడు మనతోపాటు ఆర్టీఓ ఆఫీసుకి రానంటే టీ తాగి వెనక్కి వచ్చేయాలి, శబ్దం ఎంత బాగున్నా సరే. ఇది చెప్పడానికి సంఘాలూ రశీదు పుస్తకాలూ అక్కర్లేదు, మనలో ఇద్దరు వంతులవారీగా వెళ్తే చాలు. మొదటి వంతు నాది. వచ్చిన కుర్రాడి దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోను.

మా ఎదురింటి కుర్రాడి విషయంలో పోలీసులకి రాసిచ్చాం, వీడియోలు, డబ్బు పంపిన రుజువులు పెట్టాం, ఒక వకీలు గారితో మాట్లాడుతున్నాం. ఎప్పటికి తేలుతుందో. ఆ అప్పులో నా వంతు అనుకుని కొంత ఇస్తానంటే వాళ్ల నాన్న ఒప్పుకోలేదు, "మీరు మోసం చేశారా ఏంటి" అన్నాడు. మొన్న రాత్రి వాడు మా గేటు దగ్గర నిలబడి, మా అమ్మాయి చేతిలో టార్చి తీసుకుని, నేను పాయింట్లు రుద్దుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఏం మాట్లాడలేదు. వెళ్తూ వెళ్తూ, "బాబాయ్, దీనికి నెలకి ఎంతవుతుంది నిజంగా" అన్నాడు. లోపలికెళ్లి నోట్‌బుక్కు తెచ్చి ఇచ్చాను. ఇంకా తిరిగివ్వలేదు.

వచ్చే ఆదివారం ఆరున్నరకి మామూలు చోటే. ఆర్‌కే బీచి వైపు ఆ టైములో నడిచేవాళ్ల కోసం బళ్లు ఆపేస్తారు, అటునుంచి వచ్చేవాళ్లు చుట్టూ తిరిగి రండి. మీ బిల్లులు, రశీదులు, ఏవి దొరికితే అవి తెండి, సిగ్గుపడొద్దు, అందరి కన్నా పెద్ద అంకె నాదే ఉంటుందని నా నమ్మకం.

మీలో ఎవరి దగ్గరైనా జికోవ్ కార్బరేటర్‌కి ఫ్లోట్ నీడిల్ (పెట్రోలు ఆపే సూది) ఉంటే ఒకటి జేబులో వేసుకుని రండి. కంపెనీదే కావాలి. నాది మళ్లీ కారుతోంది.